రెండో కాగితం

"దీంట్లో ఫెయిలవడం అంటూ ఉండదు మామా" అంది మా మేనకోడలు, ఆన్‌లైన్‌లో తెప్పించిన మార్బ్లింగ్ డబ్బా విప్పుతూ. నీళ్ళమీద రంగులు తేల్చి కాగితానికి ఎక్కించే సరంజామా అది. పుణెలో చదువుకుంటోంది, ఎండాకాలం సెలవులకి మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని మా బల్లార్‌పూర్ వచ్చింది. డబ్బాలో ఆరు చిన్న రంగు సీసాలు, ఒక పొడి పొట్లం, ప్లాస్టిక్ ట్రే, రెండు పుల్లలు. గంట తిరక్కుండా హాలు నిండా కాగితాలు ఆరేసింది. నీలంలో గులాబీ, గులాబీలో తెలుపు, మధ్యమధ్య బంగారు జీరలు. మా ఆవిడ మురిసిపోయింది. పక్కింటి పిల్లలొచ్చి తలా ఒకటి పట్టుకుపోయారు.

నిజం చెప్పాలంటే బాగానే ఉన్నాయి. నా బాధంతా అదే.

నేను ఇదే పని తొమ్మిదేళ్ళుగా చేస్తున్నాను. బొగ్గు గని ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం, ఆదివారాలు వెనకింటి రేకుల షెడ్డులో ఈ వ్యవహారం. మొదటి ఏడాది నేను తీసిన కాగితాల్లో దాచుకోదగ్గది ఒక్కటీ లేదు. ఈ పిల్ల గంటలో ఇరవై తీసి, పైగా ఫెయిలవడమే ఉండదంటోంది.

"ఒకదానిలా ఇంకోటి ఉండదు మామా, అదే దీని అందం" అని కూడా అంది. గొడవ మొదలైంది ఈ మాట దగ్గరే. వారం రోజులు నడిచింది, భోజనాల దగ్గర, కరెంటు పోయినప్పుడు, చివరికి ఆమె రైలెక్కేదాకా. అక్కడ సరిగ్గా చెప్పలేకపోయినవి ఇక్కడ చెప్పుకుంటున్నాను.

సంగతి తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. ఒక వెడల్పాటి ట్రేలో జిగురు కలిపిన నీళ్ళు పోస్తారు. ఆ నీళ్ళమీద రంగు చుక్కలు చిలకరిస్తే మునగకుండా తేలి, విచ్చుకుంటాయి. సూదితోనో దువ్వెనతోనో వాటిని కదిపి ఒక నమూనా తెస్తారు. దానిమీద కాగితం పరిచి లేపితే, నీళ్ళమీద ఉన్నదంతా కాగితానికి అంటుకుని వచ్చేస్తుంది. ట్రే మళ్ళీ ఖాళీ. చలువరాయి చారల్లా ఉంటుంది కాబట్టి ఇంగ్లీషువాళ్ళు మార్బ్లింగ్ అన్నారు. తుర్కీవాళ్ళు ఎబ్రూ అంటారు, 2014లో యునెస్కో వారసత్వ జాబితాలో కూడా చేరింది. పారశీకంలో అబ్రీ.

ఈ మూడో పేరు నాకు చిన్నప్పుడే తెలుసు, అర్థం తెలియకుండా.

మా చిన్నాయినకి మా ఊరి బల్లార్షా స్టేషన్ దగ్గర బైండింగ్ కొట్టు ఉండేది. మా నాన్న కాగితం మిల్లులో, చిన్నాయిన ఆ కాగితాలు కుట్టే పనిలో. 1940ల్లో మిల్లు వచ్చాక, చుట్టూ బొగ్గు గనులు పెరిగాక, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి మా తాతల తరం వాళ్ళు బతకడానికి ఇక్కడికొచ్చారు. మా వీధిలో ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజార్లో హిందీ. చిన్నాయిన కొట్టులో మూడూ కలిసి నడిచేవి. హాజరీ రిజిస్టర్లు, గోదాము రిజిస్టర్లు, కిరాణావాళ్ళ ఖాతా పుస్తకాలు కుట్టేవాడు. వీపుకి ఎర్ర కాలికో గుడ్డ, మూలలకి అదే గుడ్డ, మిగతా అట్టమీద రంగురంగుల మెలికల కాగితం. ఆ కాగితాన్ని ఆయన అబ్రీ అనేవాడు. "నాలుగు అబ్రీ పట్రా బిడ్డా" అంటే బల్ల కింద చుట్ట విప్పి నాలుగు షీట్లు తీసుకెళ్ళాలి. నేను అది కంపెనీ పేరనుకునేవాణ్ణి. అబ్ర్ అంటే పారశీకంలో మబ్బు అనీ, అబ్రీ అంటే మబ్బుమబ్బుగా ఉన్నదనీ నలభయ్యేళ్ళు దాటాక తెలిసింది. హిందీ, మరాఠీ బైండర్ల నోట్లో ఆ మాట ఇంకా బతికే ఉంది. ఆయన వాడింది మాత్రం నాగ్‌పూర్ నుంచి వచ్చే ప్రెస్సు అచ్చు కాగితమే. అసలు పద్ధతిని నీళ్ళమీద చేస్తారని ఆయనకీ తెలియదు.

అచ్చు కాగితమైనా ఆయనకొక పట్టింపు ఉండేది. షీటు కోసేముందు మెలికలు ఎటు పారుతున్నాయో చూసేవాడు. ముందట్టమీద పైనుంచి కిందికి పారితే వెనకట్టమీద కూడా అలాగే పారాలి. నేనొకసారి తొందరలో ఒక ముక్క అడ్డంగా కోసేస్తే, అతికించినదాన్ని కూడా గీకి తీయించాడు. "రెండు అట్టలు ఒక్క తీరుండాలె. లేకుంటే రెండు బుక్కుల అట్టలు తెచ్చి ఒక్కదానికి అంటవెట్టినట్టుంటది" అన్నాడు. తొమ్మిదేళ్ళుగా నా వెంటపడి తరుముతున్నది ఆ మాటే.

పుస్తకం అన్నాక ముందట్ట, వెనకట్ట ఉంటాయి. లోపల రెండు వైపులా అట్టకీ పేజీలకీ మధ్య వేసే కాగితాలు కూడా అబ్రీయే వేస్తే ఒక్క పుస్తకానికి నాలుగు ముక్కలు. పది పుస్తకాల వరసంటే నలభై. ఈ నలభై ఒకే ఇంటి పిల్లల్లా ఉండాలి. అచ్చుగుద్దినట్టు ఉండక్కర్లేదు గానీ, పక్కపక్కన పెడితే ముక్కూ చెవీ కలవాలి. శతాబ్దాలపాటు యూరప్‌లో ఈ కాగితం చేసినవాళ్ళు చేసింది ఇదే పని, బైండర్లకి దస్తాల కొద్దీ ఒకే రకం కాగితం అందించడం. గోడకి ఫ్రేము కట్టించి తగిలించడానికి చేసిన కాగితం కాదది. మిగతా లెక్కలన్నీ పుట్టింది ఆ గిరాకీలోంచే. జిగురు ఎంత చిక్కగా ఉండాలి, ఏ రంగు ముందు పడాలి, దువ్వెన పళ్ళ మధ్య ఎంత ఎడం ఉండాలి అన్నవి.

కాబట్టి నా వాదన ఇది. ఒక్క మంచి కాగితం ఎవరైనా తీస్తారు, నీళ్ళు తీసి ఇస్తాయి. రెండోది తీయగలిగితేనే పని వచ్చినట్టు.

రెండోది ఎందుకు రాదో చెప్పాలంటే పనిలోకి దిగాలి.

ముందు జిగురు. తుర్కీలో ఎక్కువగా వాడేది ఒక ముళ్ళపొద జిగురు, కిత్రే అంటారు. మన పచారీ కొట్లలో ఎండాకాలం చలువకి అమ్మే గోంద్ కతీరా దాని బంధువే, అయితే కొట్లో ఆ పేరుతో ఇచ్చేది చాలాసార్లు వేరే చెట్టుది. మెంతులు, అవిసె గింజల జిగురుతో కూడా చేశారు. నేను మొదట్లో స్వదేశీ ఉత్సాహంలో గడ్‌చిరోలి అడవుల నుంచి వచ్చే తపసి జిగురు ప్రయత్నించాను. రాత్రంతా నానబెట్టి, పంచెగుడ్డలో పిండి వడగడితే మా ఇంట్లో ఎవరూ ఆ బకెట్ దగ్గరికి రాలేదు, పులిసిన వాసన. మెంతులు కొంచెం నయం, మా ఆవిడ దృష్టిలో అయితే పప్పులోకి పనికొచ్చేవి పారబోయడం. ఇప్పుడు సముద్రపు నాచు నుంచి తీసే కారజీనన్ పొడి తెప్పిస్తున్నాను, ఐస్‌క్రీమ్ చిక్కబడ్డానికి వేసేదే. లీటరుకి 6 గ్రాములు, మిక్సీలో తిప్పి, ఒక రాత్రి కదపకుండా ఉంచాలి. ఈ నాచుని గట్టిగా సిఫారసు చేసినవాడు యోజెఫ్ హాల్ఫర్ అనే బుడాపెస్ట్ బైండర్, 1880ల్లో. బైండరే, గుర్తుపెట్టుకోండి. రెండో షీటు అవసరం పడేది అతనికే.

తర్వాత రంగు. ఉత్త రంగు నీళ్ళలో వేస్తే మునిగిపోతుంది. దాన్ని తేల్చి, పరిచేది పిత్తం. పాత పద్ధతిలో ఎద్దు పిత్తం. నేను ఆదివారం పొద్దున మటన్ కొట్టుకెళ్ళి మేక పిత్తం అడుగుతాను. ఆ కొట్టతను మొదట్లో నేనేదో నాటువైద్యం చేస్తున్నాననుకుని మోకాళ్ళ నొప్పుల గురించి అడిగాడు. పిత్తం రంగుకి పరుచుకునే బలం ఇస్తుంది. ఒక చుక్క పడగానే ఎంతదాకా విచ్చుకుంటుందన్నది దానిలో ఎంత పిత్తం ఉందన్న లెక్క. మొదటి రంగు ట్రే అంతా ఆక్రమించాక రెండోది పడితే, దానికి చోటు కావాలంటే మొదటిదాన్ని నెట్టాలి, అంటే రెండోదానిలో పిత్తం ఇంకాస్త ఎక్కువుండాలి. మూడోదానికి ఇంకాస్త. ఒక్క చుక్క తేడా వస్తే నిన్న రూపాయి బిళ్ళంత విచ్చుకున్న ఎరుపు ఇవాళ కందిబద్దంతే ఉంటుంది. కుంకుడు రసంతో కూడా ఒకసారి చూశాను. రంగు విచ్చుకుంది గానీ ట్రే నిండా నురగ.

నా రంగులు మూడే. నీలిమందు, దీపం మసి, గడపలకి పూసే జాజు. జిగురుతో కలిపి రాతిమీద నూరుకుంటాను. తుర్కీ కళాకారులు తమ నీలాన్ని ఇప్పటికీ లాహోర్ నీలి అంటారు. మననుంచి అంత దూరం వెళ్ళిన రంగు, మనకి ఇక్కడ ఒక పనిగా మిగల్లేదు.

ఇక ఎండ. చంద్రపూర్ జిల్లాలో మే నెల్లో 45 డిగ్రీలు దాటడం వార్త కాదు. ఆ వేడికి జిగురు పలచబడుతుంది, చుక్కలు దిక్కుతోచక పరుగెడతాయి. పైనున్న నీరు ఆవిరై పాల మీగడలాంటి పొర కడుతుంది. ఆ పొరమీద చుక్క పడితే గుండ్రంగా విచ్చుకోదు, అంచులు చీలి నక్షత్రంలా పగులుతుంది. ఫ్యాను వేద్దామంటే దుమ్ము, ఒక్కో ధూళి కణం కాగితం మీద ఒక్కో తెల్ల చుక్క. అందుకే ఎండాకాలం పొద్దున అయిదింటికే కూర్చుంటాను. ప్రతి షీటుకి ముందూ పాత పేపర్ ముక్క ట్రే మీదుగా లాగి ఆ పొర తీసేయాలి. మా బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, అవి పోస్తే జిగురు గడ్డలు గడ్డలుగా తేలింది. ఇప్పుడు ఫిల్టర్ నీళ్ళు కొంటున్నాను. జూన్ వచ్చాక డాబామీద పట్టిన వాన నీళ్ళు అన్నిటికంటే మేలు.

వీటన్నిటినీ దాటాక కూడా రెండేళ్ళపాటు నా రంగు కాగితం మీద నిలవలేదు. ట్రేలో చూస్తే కళ్ళు చెదిరేది, పరిచి, లేపి, నీళ్ళతో కడిగితే మొత్తం జారిపోయి మురికి చారలు మిగిలేవి. రంగు కాగితాన్ని పట్టుకోవాలంటే ముందుగా పటిక నీళ్ళు పూసి ఆరబెట్టాలి. పటిక తెలియనిదెవరికి. మంగలి గడ్డం గీశాక రాసేది, వానాకాలం బురద నీళ్ళు తేటపరిచేది, కొట్టు ముందు దిష్టికి వేలాడదీసేది. లీటరు గోరువెచ్చని నీళ్ళకి మూడు చెంచాలు. అంతా పుస్తకాల్లో ఉన్నట్టే చేస్తున్నాను. పటిక మార్చాను, కొలత పెంచాను, తగ్గించాను. ఏదీ కుదర్లేదు.

ఒకరోజు మా నాన్న వచ్చి షెడ్డు గుమ్మంలో స్టూలు వేసుకు కూర్చున్నాడు. మిల్లులో ముప్పైయేళ్ళు చేసినవాడు. నా కాగితం ఒకటి తీసుకుని వేళ్ళమధ్య రుద్ది, చెవి దగ్గర పెట్టి ఆడించాడు.

"ఇది కొత్త కాగితం రా" అన్నాడు.

"అవును, నిన్ననే రీము విప్పిన."

"గట్ల కాదు. మా దినాల్ల కాగితంలనే పటిక ఏస్తుండిరి. రాజనం, పటిక. ఇప్పుడు సున్నం ఏస్తున్రు."

రాజనం అంటే చెట్టు బంక, రోజిన్. సున్నం అంటే ఆయన భాషలో కాల్షియం కార్బొనేట్, సుద్దపొడి. ఇది ఒక్క మిల్లు కథ కాదు. 20వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో లోకంలోని కాగితం మిల్లులు చాలావరకు అటు మళ్ళాయి. పాత పద్ధతిలో సిరా పాకకుండా కాగితం గుజ్జులో రాజనం, పటిక కలిపేవారు. పటిక పుల్లన, అంటే ఆమ్లం, దానివల్ల కాగితం ఏళ్ళు గడిచేకొద్దీ పచ్చబడి పెళుసెక్కేది. మా ఇంట్లోని పాత పుస్తకాలు మడత పెడితే విరిగేది అందుకే. ఇప్పటి కాగితంలో సుద్దపొడి ఉంటుంది, తెల్లగా ఉంటుంది, ఎక్కువకాలం మన్నుతుంది. కానీ దానిమీద నేను పూసిన పటికని ఆ సుద్దే తినేస్తుంది. రంగుని పట్టుకోవడానికి ఏమీ మిగలదు. మన్నికైన కాగితం రంగుకి శత్రువైంది.

రెండేళ్ళ నా తంటా, ఒక స్టూలు మీద కూర్చుని రెండు నిమిషాల్లో తేల్చేశాడాయన. అప్పటినుంచి సుద్ద కలపని చేతి కాగితం తెప్పిస్తున్నాను. పుణెలో 1940లో మొదలైన చేతి కాగితం సంస్థ ఒకటుంది, ఆ వైపు వెళ్ళినవాళ్ళతో తెప్పించుకుంటాను. ఖరీదెక్కువ. దాంతో ఒక్కో షీటు పరచడానికి చేయి వణకడం మొదలైంది, అది వేరే జబ్బు.

పరచడం గురించి ఒక మాట. ఎదురెదురు మూలలు పట్టుకుని, ఒక మూల నీళ్ళకి తాకించి, మిగతా కాగితాన్ని ఆగకుండా వాల్చాలి. ఆగితే ఆగినచోట గీత పడుతుంది. తొందరపడితే కింద గాలి చిక్కుకుని, ఆ మేర తెల్లమచ్చ. తొమ్మిదేళ్ళ తర్వాత కూడా నాకు పదింట్లో మూడు మచ్చలు పడతాయి.

ఇదంతా విని మా మేనకోడలు ఏమందంటే, "చూశావా, నువ్వు చెప్పేవన్నీ కంట్రోల్ గురించే. నీకు నీళ్ళతో ఆడుకోవడం రాదు." కొంచెం తగిలింది. నిజం ఉందేమో అని కూడా అనిపించింది. జపాన్‌లో సుమినగాషి అనే పద్ధతి ఉంది, ఇది వెయ్యేళ్ళకి దగ్గరగా పాతది. అందులో జిగురుండదు, ఉత్త నీళ్ళమీద నల్ల సిరా వలయాలు. ఊపిరి ఊది, విసనకర్రతో విసిరి వాటిని కదిలిస్తారు. ఆ నీళ్ళు ఎటు తీసుకెళితే అటే. ఆ పిల్ల ఫోన్లో చూపించి, "ఇది కళ కాదా మరి?" అంది. కాదనలేను. 12వ శతాబ్దం మొదట్లో క్యోటో ఆస్థానంలో అలాంటి కాగితం మీద కవితలు రాసుకున్నారు. కానీ అక్కడ కూడా ఆ కాగితం ఉన్నది కవిత కోసం. అక్షరాలు కనబడేంత పలచగా, వాటికి అడ్డం రాకుండా ఉండాలి. ఊపిరి ఎంత ఊదాలో తెలిసినవాడే అది చేయగలడు. గాలికి వదిలేయడం, గాలిని వాడుకోవడం ఒకటి కావు. ఈ మాట అనేసరికి ఆమె "డైలాగ్" అని నవ్వింది.

తుర్కీ సంగతే తీసుకోండి. ఇస్తాంబుల్ అయాసోఫియా మసీదులో హతీబ్, అంటే శుక్రవారం ప్రసంగం చేసే మతబోధకుడు, మెహ్మద్ ఎఫెందీ అని ఒకాయన ఉండేవాడు. 1773లో ఇంటికి నిప్పంటుకుని పోయాడంటారు. ఆయన పేరుమీద హతీబ్ ఎబ్రూ అనే రకం ఉంది. ట్రేలో వరసలు వరసలుగా, సమాన దూరంలో చుక్కలు వేస్తారు, ఒక్కో చుక్కలో ఇంకో రంగు చుక్క, దానిలో మరోటి. తర్వాత సూదితో ఒక్కోదాన్నీ నాలుగువైపులా లాగితే పువ్వులా, గాలిపంకాలా తిరుగుతుంది. మన ఆడవాళ్ళు చుక్కల ముగ్గు పెట్టినట్టే. ముగ్గు పెట్టేవాళ్ళెవరినైనా అడగండి, ఒక చుక్క తప్పితే ఏమవుతుందో. తర్వాత 20వ శతాబ్దంలో నెజ్మెద్దీన్ ఓక్యాయ్ ఆ ట్రేలోనే తులిప్పులు, కార్నేషన్లు గుర్తుపట్టేలా తేల్చాడు. ఆయన శిష్యుడు ముస్తఫా దూజ్‌గున్‌మన్‌కి మూలికల కొట్టు. జీవితమంతా కొట్టు నడుపుతూ ఎబ్రూ చేశాడు. నాకు ఈయనంటే ఎక్కువ ఇష్టం. ఆదివారాల మనిషి.

ఇక మన దక్కన్. ఈ విషయం చెప్పగానే మావాళ్ళ వాట్సాప్ గ్రూపులో "ఇది అసలు మనదే" అని పోస్టులు పడతాయి. 17వ శతాబ్దంలో బీజాపూర్ వైపు అబ్రీతో బొమ్మలు చేశారు, నిజమే. బక్క గుర్రం, ఎముకలు లెక్కపెట్టొచ్చు, దానిమీద అంతే బక్క మనిషి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో అలాంటిది ఒకటుంది. బొమ్మ గీతలోపల అబ్రీ, గీత దాటి ఒక్క చుక్క పోదు. రంగు అంటకూడనిచోట ముందే జిగురు పూసో, కత్తిరించిన కాగితం అడ్డంపెట్టో అలా ఆపేవారు. నీళ్ళమీద తేలే రంగుని గుర్రం కాలి గిట్ట దగ్గర ఆపడమంటే మాటలు కాదు. వాళ్ళని చూసి గర్వపడతాను. అయితే మనదే అనడానికి మాత్రం నోరు రాదు. ఆ మేస్త్రీల నుంచి నాదాకా ఒక్క చెయ్యి కూడా గొలుసులో లేదు. నేను నేర్చుకుంది తుర్కీవాళ్ళ వీడియోల్లో, పేర్లు తెలియని ఇంగ్లీషు బైండర్ల రాతల్లో. చిన్నాయిన నోట్లో మిగిలిన అబ్రీ అన్న మాట ఒక్కటే నాకు అక్కడినుంచి వచ్చిన ఆస్తి. మనదే అని అరిచేవాళ్ళు ఒక దస్తా చేసి చూపిస్తే బాగుంటుంది. అరవడం తేలిక.

నా వాదనకి అడ్డుతగిలే ఉదాహరణ ఒకటుంది, దాచను. 1775లో అమెరికా కాలనీల కాంగ్రెస్ కాగితం డబ్బు అచ్చువేసినప్పుడు, 20 డాలర్ల నోటు అంచున రంగురంగుల మార్బ్లింగ్ పెట్టారు. ఆ కాగితం సమకూర్చినవాడు బెంజమిన్ ఫ్రాంక్లిన్. దొంగనోటు చేసేవాడు దాన్ని మళ్ళీ తీయలేడని ధీమా. ఖాతా పుస్తకాల అంచులకీ ఇదే వాడకం. పుస్తకం మూసి గట్టిగా బిగించి, మూడు అంచుల్నీ ట్రేలో తాకిస్తే మెలికల నమూనా పేజీల చివర్లకి అంటుకుంటుంది. ఎవరైనా లెక్కల్లో ఒక పేజీ చింపేస్తే మెలిక తెగి, దొంగతనం బయటపడుతుంది. మా చిన్నాయిన పాత టూత్‌బ్రష్‌తో అంచులమీద ఎర్ర రంగు చిలకరించేవాడు, బహుశా ఆ అలవాటు తోకే అది. అంటే ఇక్కడ "ఇంకోటి ఉండదు" అన్నదే దాని విలువ.

మా మేనకోడలికి ఈ సంగతి నేనే చెప్పాను, చెప్పి దొరికిపోయాను. "మరి ఇంకేంటి మామా, నువ్వే ఒప్పుకున్నావు" అంది. రాత్రంతా ఆలోచించి పొద్దున జవాబిచ్చాను. నోటుమీద మెలిక వేరేగా ఉండడం దొంగని ఆపడానికి. వేరేగా ఉన్నా, ఇది మన నోటే అని చూడగానే కొట్టువాడు గుర్తుపట్టాలి కదా? అంటే అవే రంగులు, అదే అంచు, అదే తీరు. పాత పనివాళ్ళకి తేడా ఉచితంగా దొరికేది, నీళ్ళు ఇచ్చేవి. వాళ్ళు కష్టపడింది పోలిక కోసం. మన కాలంలో ఉచితంగా దొరికేదాన్ని డబ్బాలో పెట్టి, "ప్రతి ఒక్కటీ ప్రత్యేకం" అని రాసి అమ్ముతున్నాం.

ఆమె జవాబివ్వలేదు. ట్రే కడిగింది. "సరే, నిన్నటి నీలం గులాబీది ఇంకోటి తీస్తా చూడు" అని కూర్చుంది. మధ్యాహ్నం భోజనానికి పిలిచినా రాలేదు. ఏడు తీసింది. ఏడూ బాగున్నాయి. ఒక్కటీ నిన్నటిదిలా లేదు. ఎనిమిదోది తీస్తుండగా కరెంటు పోయింది, చెమట చుక్క ట్రేలో పడి పెద్ద తెల్లటి కన్ను తెరుచుకుంది. నన్ను తిట్టింది, నాకు సంబంధం లేకపోయినా. వెళ్ళేటప్పుడు నా సూదుల దువ్వెన ఒకటి సంచిలో పెట్టుకుపోయింది, అడక్కుండా.

ఆమె వెళ్ళిన వారానికి మా వీధి భజన మండలి నుంచి ఒక పని వచ్చింది. చైత్రంలో చంద్రపూర్ మహాకాళి జాతరకి తెలంగాణ వైపు నుంచి వచ్చేవాళ్ళకి మజ్జిగ, మంచినీళ్ళు పోస్తారు వీళ్ళు. ఈ ఏడు లెక్కలు రాయడానికి పాత పుస్తకంలో చోటు చాల్లేదట. కొత్తది కుట్టిపెట్టమన్నారు. ఎర్ర కాలికో వీపు, మూలలు, రెండు అబ్రీ అట్టలు. జాజు, మసి, కొంచెం నీలి. సన్న దువ్వెన నమూనా, పైనుంచి కిందికి.

రెండు ఆదివారాలు పట్టింది. పదకొండు షీట్లు తీశాను. మూడోదీ తొమ్మిదోదీ పక్కపక్కన పెడితే కలిశాయి. తొమ్మిదోదానిమీద ఒక మూల కందిగింజంత గాలిమచ్చ ఉంది, దాన్ని మూలగుడ్డ కిందికి వచ్చేలా కోశాను. అతికించి, బరువుపెట్టి, రెండు రోజులు ఆరనిచ్చి, కోశాధికారి ఇంటికి నేనే తీసుకెళ్ళి ఇచ్చాను.

ఆయన అట్టవైపు చూడనేలేదు. నేరుగా మధ్యలో తెరిచి, కళ్ళజోడు పైకి తోసుకుని, వేలితో గీతలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"పేజీకి ముప్పయ్యా, ముప్పైరెండా?" అన్నాడు.

ముప్పైరెండు అని చెప్పాను.